మా షెడ్డులో కట్టిన ఇంటిబండ్లు

నేను ముప్పై ఎనిమిదేళ్లు బండ్లకు బాడీలు కట్టాను. మొదట్లో లారీలకు, మినీబస్సులకు. చివరి పదిహేనేళ్లలో ఎక్కువగా మనుషులు లోపలే వండుకొని, తిని, పడుకొని, పొద్దున్నే ఇంకో ఊరికి కదిలిపోయే బండ్లకు. అమ్మే కంపెనీలు వాటిని మోటార్‌హోమ్ అంటాయి, కారవాన్ అంటాయి. డోన్‌లో మా షెడ్డు ముందు మొదటిది నిలబెట్టిన రోజే రోడ్డున పోయేవాళ్లు దానికి ఇంటిబండి అని పేరు పెట్టేశారు. నాకూ ఆ పేరే నచ్చింది.

రెండేళ్ల కిందట కళ్లకు ఆపరేషన్ అయింది. వెల్డింగ్ వెలుగు ఇక చూడొద్దన్నాడు డాక్టరు. షెడ్డును నాతో పనిచేసిన ఇద్దరికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. దిగులేమీ లేదు. పొద్దున రెండోసారి కాఫీ తాగే తీరిక నా జీవితంలో ఇప్పుడే దొరికింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లూ, బండి కొనాలనుకునేవాళ్లూ ఇప్పటికీ ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "యా బండి మంచిదప్పా?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నా చేతిలో ఏది బాగుపడిందో, ఏది చెడిందో మాత్రం బాగా తెలుసు. అదే రాస్తున్నాను.

కరీం మేస్త్రీ

మాది కోయిలకుంట్ల వైపు ఒక పల్లె. మా నాయన కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను వడ్రంగం నేర్చింది ఆ చర్చి బెంచీలు బాగుచేస్తూనే. ఇరవై రెండేళ్లకు కర్నూలులో కరీం మేస్త్రీ లారీ షెడ్డులో చేరాను. నాకు పని వచ్చనే పొగరుతోనే చేరాను.

మొదటి వారం ఒక మినీబస్సులో సామాన్లు పెట్టే అర కట్టాను. మేకులు కనపడకుండా, అంచులు నున్నగా, మా చర్చి పాస్టరుగారు చూసి మెచ్చుకునేలా కట్టాను. కరీం మేస్త్రీ చూశాడు. బస్సు స్టార్ట్ చేయించి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తుంగభద్ర ఒడ్డున ఇసుక లారీలు పోయే గతుకుల దారిలో రెండు గంటలు తిప్పించాడు. తిరిగొచ్చేసరికి అర ఒక పక్కకు వాలిపోయి ఉంది. నాలుగు మేకులు నా ఒళ్లోకే రాలాయి.

"ఇంట్లో అర గోడకు ఉంటాది. గోడ కదల్దు," అన్నాడు మేస్త్రీ. "బండిలో గోడే కదుల్తాది భాయ్. మేకు ప్రతి గుంతకూ బయటికి రావాలనే సూస్తాంటాది. బోల్టు ఎయ్, ఎనకాల లాక్‌నట్టు ఎయ్. మళ్లా తిప్పి సూడు. ఆ తర్వాత అందం గురించి మాట్లాడుదాం."

ఆయన కోపిష్ఠి. మధ్యాహ్నం నమాజుకు ముందు ఎవరూ ఆయన జోలికి పోయేవాళ్లం కాదు. మెచ్చుకోవడం ఆయనకు రాదు. పదకొండేళ్లు పనిచేస్తే రెండుసార్లు "బరాబర్" అన్నాడు, అంతే. అయినా నేను చూసిన యజమానుల్లో ఆయనంత నిజాయితీపరుడు లేడు. కట్టిన ప్రతి బండిలో తానే వెనక కూర్చొని గతుకుల్లో తిరిగి వచ్చాకే తాళం ఇచ్చేవాడు. చప్పుడు ఎక్కడ వస్తే అక్కడ చాక్‌పీసుతో గీత గీసేవాడు. ఇంటిబండి కట్టేవాళ్లు ఇంకేమీ నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి. ముందు సీట్లో కూర్చున్నవాడికి ఇంజను ఒక్కటే వినపడుతుంది. తప్పులన్నీ వెనక నుంచే మాట్లాడతాయి.

శెట్టిగారి నాపరాళ్లు

మేస్త్రీ దగ్గర మానేసి డోన్‌లో నేను పెట్టుకున్న షెడ్డులో మొదటి ఇంటిబండి ప్రొద్దుటూరు సుబ్బరాయ శెట్టిగారిది. బట్టల వ్యాపారం కొడుకులకు అప్పజెప్పి, భార్య లక్ష్మమ్మగారితో క్షేత్రాలన్నీ తిరగాలని ఆయన కోరిక. ఆమెకు మోకాళ్ల నొప్పులు. సత్రాల్లో కింద కూర్చునే మరుగుదొడ్డికి భయపడి ఆమె ఐదారేళ్లుగా గడప దాటలేదు. అందుకే ఈ ఆలోచన.

ఇంజను, చక్రాలు మాత్రమే ఉన్న చాసిస్ కొన్నారు, నాకు అప్పగించారు. వంటగట్టు, మంచం, మరుగుదొడ్డి, మెట్టు దగ్గర పట్టుకునే కడ్డీ, అన్నీ అనుకున్నాం. చివర్లో లక్ష్మమ్మగారు ఒక మాట అడిగారు. ఇంట్లోలాగా నేలకు బేతంచెర్ల నాపరాళ్లు పరిస్తే కాళ్లకు చల్లగా ఉంటుంది కదా అని.

బరువు పెరుగుతుందని నాకు తెలుసు. కానీ మొదటి బండి, పెద్ద మనిషి. 'కాదు' అంటే పని చేతకాదనుకుంటారేమోనని నోరు మూసుకున్నాను. పలచటి రాళ్లు ఏరి పరిచాను. దానికి తోడు మూడొందల లీటర్ల నీళ్ల ట్యాంకును మంచం కింద, వెనక చక్రాలకు ఇంకా వెనక్కి పెట్టాను. అక్కడ చోటు ఖాళీగా ఉందని పెట్టాను. అంతకంటే కారణం లేదు.

మొదటి ప్రయాణం శ్రీశైలానికి. నన్నూ రమ్మన్నారు. పోయేటప్పుడే ఎత్తు ఎక్కుతుంటే ముందు చక్రాలు నేలను సరిగా పట్టడం లేదని డ్రైవర్ మద్దిలేటి గొణిగాడు. "స్టీరింగ్ గాలికి తేల్తాండాదన్నా," అన్నాడు. కొత్త బండి కదా, అలవాటవుతుందన్నాను. మల్లన్న దర్శనం అయింది. లక్ష్మమ్మగారు తన బాత్రూములో తానే స్నానం చేసి, పట్టుచీర కట్టుకొని దిగినప్పుడు శెట్టిగారి ముఖం చూడాలి. నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

దిగేటప్పుడు దోర్నాల వైపు ఘాట్‌లో నాలుగైదు మలుపులు తిరిగామో లేదో, కాలిన రబ్బరు వాసన వచ్చింది. మద్దిలేటి బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఆరో మలుపు దగ్గర "అన్నా, పెడలు లోపలికి పోతాండాది, బండి నిలబడ్ల్యా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం తెల్లబడిపోయాయి. గేరు మూడుకు, రెండుకు దించాడు. ఇంజను అరిచింది. వెనక ట్యాంకులో నీళ్లు ఒక్కసారిగా ముందుకు కొట్టుకున్న చప్పుడు వినపడింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. మద్దిలేటి బండిని కొండ వైపు కాలువలోకి దించాడు. పక్క రేకు రాళ్లకు రాసుకుంటూ పోయి, బండి ఒరిగి నిలబడింది.

వంటగట్టు కింది తలుపులు తెరుచుకొని గిన్నెలన్నీ నేల మీద ఉన్నాయి. శెట్టిగారు నారాయణ నారాయణ అంటున్నారు. లక్ష్మమ్మగారు కడ్డీ పట్టుకొని లేచి, నన్ను చూసి అన్నారు:

"నేల సల్లంగుండాలంటి గానీ రత్నమప్పా, మమ్మల్నే సల్లంగ చెయ్యమంటినా?"

మద్దిలేటి ముందు నవ్వాడు. తర్వాత శెట్టిగారు. నేను నవ్వలేకపోయాను.

ఊరికి తెచ్చాక బండిని కాటా మీదకు ఎక్కించాం. ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూచాం. ముందు ఉండాల్సినదానికంటే తక్కువ. వెనక, చాసిస్ పలక మీద రాసిన హద్దు ఎప్పుడో దాటిపోయింది. రాళ్లన్నీ తీసేశాను. ట్యాంకును చిన్నది చేసి, రెండు జతల చక్రాల మధ్యలో, వీలైనంత కిందికి పెట్టాను. నీళ్లు ఊగకుండా లోపల అడ్డుపలకలు పెట్టించాను. ఆ నాపరాళ్లు మా షెడ్డు గుమ్మంలో పరిచాను. ఇప్పటికీ వాటి మీదే అందరూ కాళ్లు తుడుచుకుంటారు.

శెట్టిగారు కోప్పడతారనుకున్నాను. ఆయన ఒకటే మాట అన్నారు. "నువ్వు ముందే చెప్పుంటే ఇనేవాణ్ని కదప్పా. నేను బట్టలోణ్ని. బరువు సంగతి నాకేం తెల్సు?"

తెలియనివాడు అడుగుతాడు. తెలిసినవాడు కాదనాలి. మనకు కూలి ఇచ్చేది చేతులకే కాదు, ఆ 'కాదు'కు కూడా.

కొనేవాళ్లకు రెండు మాటలు. ట్యాంకు నింపి, మనుషులు ఎక్కి, బియ్యం, బట్టలు, సిలిండరు అన్నీ పెట్టుకున్నాక తూకం వేయించండి. ఖాళీ బండి తూకం ఎవరికీ పనికిరాదు. ఇక ఘాట్ ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు ఆపడానికి, వేగం తగ్గించే పని ఇంజనుది.

వంతెన కింద

ఇది చిన్న సంగతి. నవ్వుకోవడానికి రాస్తున్నాను కానీ, ఇలాంటివే ఎక్కువ జరుగుతాయి.

ఒక బండికి పైకప్పు మీద ఏసీ బిగించి, అదే రోజు మధ్యాహ్నం నేనే తోలి చూద్దామని బయల్దేరాను. డోన్‌లో రైలు వంతెన కింద నుంచి ఆ బండిని అంతకుముందు వారం పది సార్లు తిప్పాను. పదకొండోసారి వంతెన కిందికి పోగానే ఢామ్మని చప్పుడు. అద్దంలో చూస్తే కొత్త ఏసీ రోడ్డు మీద పడి ఉంది.

వంతెన పక్కన బోండాలు వేసే రంగమ్మ గరిటె ఎత్తి కేకేసింది: "రత్నమన్నా, నీ బండి టోపీ పాయ!"

ఆ తర్వాత మా షెడ్డు నుంచి బయటికి పోయిన ప్రతి బండిలో, డ్రైవరు కంటికి ఎదురుగా, దాని ఎత్తు పెద్ద అంకెలతో రాసిన కాగితం అంటించాం. పైన ఏది బిగించినా ముందు ఆ కాగితం మార్చాలి, తర్వాతే భోజనం.

పాత బండి కొనే ముందు

జయరాజు సార్ కడపలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. భార్య సుందరమ్మ టీచరమ్మ కూడా చిన్న పిల్లల బడిలో పనిచేసి అప్పుడే ఉద్యోగం నుంచి దిగిపోయారు. పాత ఇంటిబండి ఒకటి కొనాలని ఫోన్‌లో ఫోటోలు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు.

"సోఫాలు సూడు రత్నం, ఎంత బాగుండాయో," అన్నారు సార్.

"సోఫాలు యాడికి పోవు సార్. ముందు నన్ను కింద దూరనీండి," అన్నాను.

ముగ్గురం కలిసి మూడు బండ్లు చూశాం. మొదటిదాంట్లో అడుగు పెట్టగానే అత్తరు వాసన. కొత్త కార్పెట్. కొత్త కార్పెట్ చూస్తే నాకు అనుమానం వస్తుంది. మూల ఎత్తి, మరుగుదొడ్డి పక్కన నేలను స్క్రూడ్రైవరుతో పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. కింద ప్లైవుడ్ అంతా నాని ముద్దయిపోయి ఉంది. బండి అమ్మేవాడు కొంచెం కూడా తడబడలేదు.

"నీ స్క్రూడ్రైవరు శానా సూదిగా ఉండాదన్నా," అన్నాడు.

సుందరమ్మగారు నవ్వాపుకోలేక కిందికి దిగిపోయారు.

రెండోది చూడ్డానికి పదింటికి వస్తామని చెప్పి తొమ్మిదిన్నరకే పోయాం. ఇంజను మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని బండిని ముందే వేడి చేసి పెడతారు. టైర్ల గీతలు కొత్తవాటిలా ఉన్నాయి గానీ, పక్కన ఉండే నాలుగంకెలు చూస్తే టైరు పుట్టి ఎనిమిదేళ్లు. ఆ అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఇంటిబండి తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. దాని టైర్లు అరగవు. ఎండకు లోపలే ముసలివవుతాయి, ఒకరోజు హైవే మీద పగులుతాయి.

మూడోది చూడ్డానికి బాగాలేదు. రంగు వెలిసింది, సోఫా చిరిగింది. కానీ దాని యజమాని మేం అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ కిటికీ దగ్గర వానకు కారుతాది. పంపు చప్పుడు చేస్తాది. పోయినేడు క్లచ్ మార్చినా. బ్యాటరీ ఇంకో ఏడాది వస్తాదో రాదో." నేను కిందికి దూరి చూస్తే, అతను చెప్పనివి ఏవీ కనపడలేదు.

"ఇదే కొనండి సార్," అన్నాను.

"సోఫా చినిగిపోయిండాది గదప్పా?"

"సోఫా నేను కుడతా. మనిషిని కుట్టలేను."

తప్పులు తానే చెప్పేవాడి దగ్గర కొనండి. కొనేముందు అలాంటి బండి ఒకటి అద్దెకు తీసుకొని రెండు రోజులు ఎండాకాలంలోనే తిరగండి. చలికాలంలో ప్రతి బండీ బాగుంటుంది. పెద్దది కావాలనే ఆశ వదులుకోండి. మన పల్లెల సందుల్లో తిప్పలేని బండి హైవేకే బానిస. ఇక రిజిస్ట్రేషన్ కాగితంలో అది ఏ రకం బండి అని రాసి ఉందో ఒకసారి చదువుకోండి. కాగితాల గురించి ఇంతకంటే రాయను. నాకు వాటి మీద ప్రేమ లేదు.

నేలలో కంత

ఇప్పుడు చెప్పేది నా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. ఇది రాయకపోతే పైన రాసినదంతా గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది.

వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. అందుకే ఇంటిబండిలో సిలిండరు పెట్టే చోట నేలలోనే కంత వదలాలి. గ్యాసు దాంట్లోంచి బయటికి జారిపోవాలి. జయరాజు సార్ బండికి నేనే ఆ కంత చేశాను.

మూడు నెలలకు వాళ్లు బండి తెచ్చారు. "రత్నం, ఆ కంతలోంచి ఎర్రమన్నంతా లోపలికొస్తాంది. పప్పులో మన్ను, పరుపులో మన్ను. దాన్ని మూసెయ్యప్పా," అన్నారు సుందరమ్మగారు.

సన్నటి జాలీ పెట్టి, కింద ఒక వంపు గొట్టం బిగిస్తే ధూళి ఆగేది, గ్యాసుకు దారీ ఉండేది. పూట పని. ఆ రోజు షెడ్డులో ఇంకో బండి తొందర ఉంది. ఒక రేకు ముక్క పెట్టి నాలుగు స్క్రూలు బిగించాను. బిగిస్తున్నప్పుడే తెలుసు నాకు, తప్పు చేస్తున్నానని. తర్వాత సరిచేద్దామనుకున్నాను. ఆ 'తర్వాత' అనేది రాలేదు.

వాళ్లు గండికోటకు పోయారు. పొద్దున ఆరున్నరకు సార్ లేచి, ఉక్కగా ఉందని పైకప్పు ఫ్యాను స్విచ్చి వేయబోయారు. ఆయనకు జలుబు, ముక్కు పనిచేయడం లేదు. మంచం మీద ఉన్న సుందరమ్మగారికి వాసన తగిలింది. లేచి ఒక్క దెబ్బ కొట్టారట ఆయన చేతి మీద.

"ముట్టొద్దు! తలుపు తియ్!"

ఇద్దరూ ఉన్నపళంగా దిగి, దూరంగా పోయి బండల మీద నిలబడ్డారు. అక్కడి నుంచి నాకు ఫోన్ చేశారామె. కేకలు లేవు. "రత్నం, నువ్వు మూసిన కంత గుర్తుందా?" అన్నారంతే.

బైకు మీద బయల్దేరి మధ్యాహ్నానికి చేరాను. దారి పొడవునా ఏం ఆలోచించానో గుర్తులేదు. సిలిండరు వాల్వు రాత్రి కట్టేయడం మరిచారు. కుదుపులకు గొట్టం దగ్గర క్లిప్పు వదులైంది. ఆ రెండు తప్పులనూ కాచుకోవాల్సింది నా కంత. దాన్ని నేను మూశాను. అక్కడే బండి కింద పడుకొని నాలుగు స్క్రూలూ విప్పాను. ఒక స్క్రూ చేతిలోంచి రెండుసార్లు జారింది.

బయటికి రాగానే సుందరమ్మగారు పక్కనున్న హోటల్ నుంచి తెచ్చిన టీ ఇచ్చారు. అప్పుడు అడిగారు.

"నేను మూయమంటే నువ్వెందుకు మూసినావు రత్నం? బళ్లో పిల్లోడు అడిగినాడని పరీక్ష పేపరు ముందే ఇచ్చేస్తామా?"

సార్ నా భుజం మీద చెయ్యి వేసి, "టీ తాగప్పా, సల్లారిపోతాది," అన్నారు.

ఆ ఆదివారం మా చర్చిలో ఎవరికి తోచిన కృతజ్ఞతలు వాళ్లు లేచి చెప్పుకుంటున్నారు. నేనూ లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. మా ఆవిడ సుగుణ నా చెయ్యి పట్టుకుంది. సోమవారం పొద్దున అప్పటిదాకా కట్టిన బండ్లవాళ్లందరికీ ఫోన్లు చేసి, ఒక్కొక్కరినీ రప్పించి, ఒక్కొక్క కంతా చూశాను. ఇంకెవరిదీ మూసి లేదు. ఆ పని అయ్యేవరకు నాకు అన్నం సహించలేదు.

జయరాజు సార్ దంపతులు ఇప్పటికీ అదే బండిలో తిరుగుతున్నారు. గ్యాసు వాసన పట్టే అలారం కొన్నారు. అయినా టీచరమ్మ రోజూ పడుకునే ముందు వాల్వు తానే చూసుకుంటారట. అలారాన్ని నమ్మినా, సార్‌ను నమ్మనంటారు.

నిలబడ్డ బండి, నడిచే బండి

ఇంటిబండి తిరిగి చెడదు, నిలబడి చెడుతుంది. పదిహేను రోజులకొకసారి పది పదిహేను కిలోమీటర్లు తోలండి. నిలబెట్టిన చోటే ఇంజను స్టార్ట్ చేసి ఆపేస్తే బ్రేకులకు, గేర్లకు ఏం ఒరిగింది? నీడన పెట్టండి. నెలల తరబడి నిలపాలంటే ట్యాంకు ఖాళీ చేసి మూత తెరిచి ఆరబెట్టండి. అన్నం మెతుకు ఒక్కటి కూడా లోపల ఉంచొద్దు. మెతుకు కోసం వచ్చిన ఎలుక మెతుకుతో పోదు, వైర్లు కొరికి పోతుంది.

మన సీమలో బోరు నీళ్లంటే ఉప్పు. కొళాయిల్లో, పంపులో తెల్లగా గారకడుతుంది. నీళ్లు పట్టేచోట వడపోత పెట్టుకోండి, నెలకొకసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు తిప్పి కడగండి. తాగే నీళ్లు విడిగా క్యాన్లలో పెట్టుకోండి. సోలార్ పలకలను పైకప్పుకు అంటించి బిగించొద్దు, నాలుగు వేళ్ల సందు వదలండి. ఆ సందులో గాలి ఆడితే పలకలకూ మేలు, కింద పడుకున్నవాళ్లకూ మేలు. మరుగుదొడ్డి పెట్టెను ఏ రోజుది ఆ రోజు, మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయండి. ఎవరి చేను గట్టునో పారబోసే మనిషికి బండి కట్టినందుకు నేను సిగ్గుపడ్డ సందర్భాలున్నాయి.

నిలుపుకోవడానికి చోటు అడిగితే మన జనం కాదనరు. అడక్కుండా నిలిపితేనే గొడవ. చర్చి ఆవరణ, సత్రం, పెట్రోలు బంకు, ఎక్కడైనా ముందు దిగి నమస్కారం పెట్టి అడగండి. నేనూ సుగుణా మా సొంత బండిలో పోయినప్పుడు మంత్రాలయంలో ఒక పూలమ్మే ఆమె తన కొట్టం పక్కన మాకు మూడు రోజులు చోటిచ్చింది. పోయేటప్పుడు సుగుణ ఆమెకు మా పచ్చడి సీసా ఇచ్చింది. ఇప్పుడు ఇద్దరూ వారానికొకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటారు.

ఒకసారి మేమిద్దరం బనగానపల్లె అవతల ఎండిన వంకలో, చల్లటి ఇసుకలో, తుమ్మచెట్టు నీడన బండి నిలిపి వంట మొదలుపెట్టాం. గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన ఆగాడు.

"ఈడ నిలపొద్దప్పా. గట్టెక్కించు."

"వాన యాడుందన్నా? ఆకాశంలో మబ్బే లేదు," అన్నాను.

"ఈడ లేదు. ఆ కొండకాడ ఉండాది," అని కర్రతో చూపించాడు. దూరంగా కొండ మీద నల్లటి చార కనపడింది. సణుక్కుంటూనే సగం ఉడికిన అన్నంతో బండిని గట్టెక్కించాను. మేం తిని చేతులు కడుక్కునేసరికి వంకలో ఎర్రటి నీళ్లు మోకాటి లోతున పారుతున్నాయి. సుగుణ ముసలాయనకు పెట్టిన పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది.

పీరన్న కిటికీ

నేను చివరిగా కట్టింది చిన్న వ్యాను. పీరన్న అని డోన్‌లో లారీ డ్రైవరు. ముప్పై ఏళ్లు నాపరాళ్ల లోడ్లు మద్రాసుకు, బొంబాయికి తోలాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కూతురు మహబూబీ టైలరింగ్ షాపు నడుపుతుంది. నాయనను వైద్యానికి కర్నూలుకు, ఆయన చెల్లెల్ని చూడ్డానికి హొసపేటకు తీసుకుపోవాలని పాత వ్యాను ఒకటి కొని, తానే డ్రైవింగ్ నేర్చుకుంది.

"నాయన నన్నెప్పుడూ స్టీరింగ్ ముట్టనీలేదు మామా," అంది నాతో. "ఆడపిల్లకు రోడ్డెందుకు అనేటోడు. ఇప్పుడు నేను తోల్తే ఏమనుకుంటాడో."

మంచం, బెల్టులు, పక్కన చిన్న గట్టు, వెనక ఎక్కించడానికి పలక, అన్నీ జాగ్రత్తగా కట్టాను. మంచి కిటికీ కూడా పెట్టాను. మొదటిసారి పీరన్నను ఎక్కించి పడుకోబెట్టాం. కాసేపు పైకి చూశాడు. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

"నేను తోల్తాననే కోపం," అంది మహబూబీ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు నమ్మకం కలగలేదు. ఆయన్ని దించి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మంచం మీద నేను పడుకున్నాను. కిటికీలోంచి ఆకాశం కనపడింది, కరెంటు తీగలు కనపడ్డాయి. అంతే. కూర్చున్న మనిషి కంటికి కొలిచి పెట్టిన కిటికీ అది. ముప్పై ఏళ్లు రోడ్డు చూసిన మనిషిని రోడ్డు మీద పడుకోబెట్టి రోడ్డు కనపడకుండా చేశాను.

రేకు కోసి, దిండు ఎత్తుకు ఇంకో కిటికీ పెట్టాను. మంచాన్ని తిప్పి, తల కింద వాలు ఎత్తించి, ముందు సీట్ల మధ్యలోంచి దారి కనపడేలా చేశాను. నాలుగు రోజులు పట్టింది. మళ్లీ పడుకోబెట్టాం. ఈసారి పీరన్న గోడ వైపు తిరగలేదు.

మహబూబీ స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను వెనక ఆయన పక్కన కూర్చున్నాను. వెల్దుర్తి వైపు బయల్దేరాం. ఆమె మెడ బిగుసుకుపోయి ఉంది. మొదటి ఎత్తు దగ్గర బండి ఏడవడం మొదలుపెట్టింది. పీరన్న పెదవులు కదిలాయి.

"మ్... మూడు."

"ఏం నాయనా?" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

"మూడు. మూడు."

నాకు అర్థమయ్యేలోపే ఆమెకు అర్థమైంది. నాలుగో గేరులోంచి మూడుకు దించింది. ఇంజను గొంతు సర్దుకుంది. బండి నింపాదిగా ఎత్తెక్కింది. పక్షవాతం వచ్చాక ఆయన నోట మాట రావడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

అవతలి పక్క దిగుడు. ముందు ఇంకో ఎత్తు కనపడుతోంది. నేను పీరన్న ముఖం వైపే చూస్తున్నాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. ఈసారి ఎత్తు మొదలవకముందే మహబూబీ తానే గేరు దించింది. ఆయన పనిచేసే ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, కిటికీ కింద రేకు మీద రెండుసార్లు తట్టాడు. లారీ వెనక నుంచి క్లీనరు 'దారి ఉంది, పో' అని డ్రైవరుకు చెప్పే దెబ్బ అది.

మహబూబీ అద్దంలో ఒకసారి చూసి, బండిని పోనిచ్చింది.